బాత్రూంలో అరచేతి అంత సాలెపురుగు, కడుపు కింద తెల్ల బిళ్ళ. ఇది ఏంటో చెప్పగలరా?

మియాపూర్_అమ్మ
నిన్న రాత్రి 11.30కి బాత్రూం లైటు వేస్తే అద్దం పక్కన గోడ మీద కనబడింది. కాళ్ళతో కలిపి నా అరచేతి అంత ఉంది. మట్టి రంగు. ఒళ్ళు బల్లపరుపుగా, గోడకి అంటించినట్టు ఉంది. కడుపు కింద తెల్లగా, గుండ్రంగా కోటు బొత్తాం లాంటిది పట్టుకుంది. చీపురు తెచ్చేలోపు గీజరు వెనక్కి దూరిపోయింది.

ఇంట్లో 13 నెలల పాప ఉంది. ఇప్పుడిప్పుడే గోడలు పట్టుకుని నడుస్తోంది, కనబడిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. పొద్దున్నే పురుగుల మందు కొట్టే అతన్ని పిలిస్తే ఫొటో చూసి "ఇది విషప్పురుగు మేడం, కరిస్తే కండ కుళ్ళిపోతుంది, ఇల్లంతా కొట్టాలి" అన్నాడు. ఫొటో పెడితే పేరు చెప్పే యాప్ ఒకటి ఉంటే అందులో పెట్టాను. "బ్రౌన్ రెక్లూస్" అని వచ్చింది. దాని గురించి చదివాక ఇక నిద్ర పట్టలేదు. మా వారు ఊళ్ళో లేరు. అత్తయ్యేమో అది ఉచ్చ పోస్తే ఒళ్ళంతా పొక్కులొస్తాయి, ముందు చంపెయ్యి అంటున్నారు. మందు కొట్టించనా వద్దా? ఫొటో మసగ్గా ఉంది, చెయ్యి వణికింది, ఏమనుకోవద్దు.

బూజుకర్ర
కొట్టించెయ్యండి. పసిపిల్ల ఉన్న ఇంట్లో పేరు తెలుసుకుని ఏం చేస్తారు. మా తమ్ముడికి పోయినేడు పాదం వాచిపోయి వారం రోజులు నడవలేకపోయాడు. సాలెపురుగే కుట్టిందన్నారు.

నల్లమల_నడక
ఒక్కరోజు ఆగండమ్మా. ఫొటో మసగ్గా ఉన్నా చూడాల్సినవి కనబడుతున్నాయి. కాళ్ళు పీతలా పక్కలకి పరిచింది, గూడు కట్టలేదు, గుడ్ల సంచి కడుపు కింద మోసుకుంటోంది. మీరు బొత్తాం అన్నది ఆ గుడ్ల సంచే. ఈ మూడూ కలిస్తే మన ఇళ్ళల్లో దాదాపు ఎప్పుడూ ఒకటే: హంట్స్‌మన్. శాస్త్రీయ నామం హెటెరోపొడా వెనటోరియా. 1767లో లినేయస్ పెట్టిన పేరు, వెనటోరియా అంటే వేటాడేది అని అర్థం. వల పన్నదు, రాత్రిపూట గోడల మీద తిరిగి వేటాడుతుంది. ముఖ్యంగా బొద్దింకల్ని.

బ్రౌన్ రెక్లూస్ అరచేతి అంత ఉండదు. గుడ్ల సంచిని మోసుకు తిరగదు కూడా, ఎక్కడో చీకటి మూల గూట్లో పెట్టుకుంటుంది. పైగా అది అమెరికాది, ఇండియాలో లేదు.

వీలైతే ఇంకో ఫొటో తీయండి, ఈసారి ముఖం వైపు నుంచి. కళ్ళ కింద అడ్డంగా లేత పసుపు పట్టీ ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

డల్లాస్_నాన్న
నల్లమల గారూ, పురుగు విషయంలో మీరే కరెక్టు. చివరి మాట కొంచెం సవరించాలి. మా దగ్గరుండే రెక్లూస్ ఇండియాలో లేదు, నిజమే. కానీ దాని జాతిదే ఇంకొకటి, లాక్సోసెలిస్ రూఫెసెన్స్, మధ్యధరా ప్రాంతంది, సామాన్లతో పాటు చాలా దేశాలకి వెళ్ళింది. ఇండియాలోనూ నమోదైంది. అయితే కాళ్ళతో కలిపినా మన పది రూపాయల బిళ్ళకి కాస్త అటూఇటూ. మియాపూర్ గారి గోడ మీది దానితో పోలికే లేదు.

మా ఇంట్లో గరాజ్‌లో, అట్టపెట్టెల మధ్య నిజమైన రెక్లూస్‌లు ఉన్నాయి కాబట్టి చెప్తున్నాను. గుర్తు పట్టేది వీపు మీది ఫిడేలు మచ్చతో కాదు. ఆ మచ్చ లాంటిది సవాలక్ష సాలెపురుగులకి ఉంటుంది, ఆ యాప్ మోసపోయింది అక్కడే అనుకుంటా. కళ్ళు చూడాలి. చాలా సాలెపురుగులకి ఎనిమిది కళ్ళు, దీనికి ఆరు. రెండేసి చొప్పున మూడు జతలు, ముందొకటి, పక్కలకొకటి. కాళ్ళ మీద చారలుండవు, ముళ్ళుండవు.

ఇంకోటి, భయం ఎంత పెద్దదో ప్రమాదం అంత పెద్దది కాదు. 2001లో కాన్సాస్‌లో ఒక ఇంట్లో ఆరు నెలల్లో 2055 రెక్లూస్‌లు పట్టారు. ఏళ్ళ తరబడి అందులో నలుగురి కుటుంబం కాపురం ఉంది. ఒక్కరినీ కరవలేదు. ఇది పత్రికలో అచ్చయిన పరిశోధన. నేను కొత్తగా వచ్చినప్పుడు ఇది చదివాకే పిల్లల్ని గరాజ్‌లోకి వెళ్ళనిచ్చాను. ఇప్పటికీ బూట్లు దులిపే వేసుకుంటాం, మంచం గోడకి ఆనించం.

నల్లమల_నడక
సవరణకి థాంక్స్ డల్లాస్ గారూ. "లేదు" అని అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది.

సిరిసిల్ల_మగ్గం
అక్కా భయపడకు, గది మంచి పురుగే. మా ఇంట్ల గసొంటివి మస్తున్నయ్. మాది నేతపని ఇల్లు. సాలె అంటెనే నేసేటోడు, గందుకే దాన్ని సాలెపురుగు అంటరు. మా తాత గుంట మగ్గం మీద కూసున్నప్పుడు గుంటల ఒక మూలకు పొడుగు కాళ్ళది గూడు కట్టుకోని ఉండేది. నాయనమ్మ ఊడుస్తనంటే "ఉండనియ్యి, అది గూడ మనోడే, నా కాళ్ళకు దోమలు రాకుంట జూస్తది" అనెటోడు. ఆయన పోయినంక గుంట పూడ్చిండ్రు. ఇప్పటికీ ఆ మూల సూస్తే గదే యాదికొస్తది.

శ్రీకాళహస్తి_రాజు
మా ఊరి పేరులో మొదటి అక్షరమే సాలెపురుగు. శ్రీ అంటే సాలెపురుగు, కాళం పాము, హస్తి ఏనుగు. గుళ్ళో మూడింటికీ స్థానం ఉంది. మా అమ్మ ఇప్పటికీ ఇంట్లో సాలెపురుగుని చంపనివ్వదు, చేటలోకి ఎక్కించి బయట పెడుతుంది.

బూజుకర్ర
భక్తి వేరు, పాప ఒంటి మీద పాకడం వేరు రాజూ. నా తమ్ముడి పాదం ఎవరు చూశారు?

చర్మం_డాక్టరు
బూజుకర్ర గారూ, ఆ పురుగుని మీ తమ్ముడు కళ్ళారా చూశారా? పట్టుకున్నారా? ఈ ప్రశ్న నేను రోజూ అడుగుతాను, నూటికి తొంభై మంది లేదనే అంటారు. లేచేసరికి వాపు, ఎర్రదనం, నొప్పి. చెప్పడానికి వేరే పేరు లేక సాలెపురుగు అంటారు. చాలాసార్లు అది బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్. అమెరికాలో రెక్లూస్ కాటు అనుకున్నవి కూడా ఎన్నో చివరికి ఇన్‌ఫెక్షన్లే అని తేలింది. పాదం వాచి జ్వరం వస్తే పురుగు పేరు కోసం వెతక్కుండా వెంటనే డాక్టరుకి చూపించండి, షుగర్ ఉన్నవాళ్ళయితే అదే రోజు.

ఇక మియాపూర్ గారి అత్తగారి మాట. "సాలెపురుగు ఉచ్చ పోసింది" అని మా క్లినిక్‌కి వర్షాకాలంలో వరసగా వస్తారు. గీత గీసినట్టు ఎర్రటి మంట, మధ్యలో చిన్న చిన్న చీము పొక్కులు. మెడ మీద, మోచేతి మడతలో, కంటి రెప్ప దగ్గర. మోచేతి మడతలో అయితే పైనా కిందా ఒకే అచ్చు దిగుతుంది, చెయ్యి ముడిచినప్పుడు రెండు వైపులా అంటుకోవడం వల్ల. ఇది సాలెపురుగు పని కాదు. పెడెరస్ అనే చిన్న పురుగు. ఒక సెంటీమీటరుకు మించదు, సన్నగా చీమలా ఉంటుంది, నారింజ, నలుపు పట్టీలు ఉంటాయి. రాత్రి ట్యూబులైటు వెలుగుకి వస్తుంది. అది కుట్టదు, కరవదు. ఒంటి మీద వాలితే నిద్రలో చేత్తో నలిపేస్తాం, దాని రక్తంలోని పెడెరిన్ అనే పదార్థం చర్మాన్ని కాలుస్తుంది. మంట వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజులకి బయటపడుతుంది. అందుకే అసలు దోషి దొరకదు, గోడ మీద కనబడిన సాలెపురుగు మీద పడుతుంది నింద.

వాలితే ఊదేయండి, నలపకండి. నలిగితే సబ్బుతో కడగండి. అదే చేత్తో కళ్ళు రుద్దుకోవద్దు.

ఒంటికి ఒకే పక్కన పట్టీలా పొక్కులు వచ్చి, అవి రాకముందు నుంచే సలుపు ఉంటే అది సర్పి కావచ్చు, వైరస్ జబ్బు. దాన్ని కూడా సాలెపురుగు పాకిందని మంత్రం వేయించుకుని నాలుగో రోజు వస్తారు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆ మూడు రోజులూ వృథా అయిపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మియాపూర్_అమ్మ
డాక్టరుగారూ, మీ పోస్టు అత్తయ్యకి చదివి వినిపించాను. వాళ్ళ చెల్లెలికి నడుము మీద ఒక పక్కనే వచ్చిందట, ఏడాది పాటు మంట తగ్గలేదట. సాలెపురుగని మంత్రం వేయించారట. అత్తయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ సాలెపురుగు ఇంకా గీజరు వెనకే ఉంది. బాత్రూం తలుపు వేసి, కింద సందులో పాత టవలు కుక్కాను.

భీమిలి_బుజ్జి
మా ఇంటిలోన ఇంత పెద్దవి లేవు గానీ సీలింగు మూలల్లో పొడుగు కాళ్ళవి తెగున్నాయి. ముట్టుకుంటే చాలు, గూడుతో సహా గిరగిరా ఊగిపోతాది, కంటికే ఆనదు. మా చిన్నోడికి అదో ఆట. ప్రపంచంలోకెల్లా ఎక్కువ విషం దీనికే ఉందనీ, కోరలు చిన్నవి కాబట్టి మనల్ని కరవలేదనీ ఎవరో చెప్పారు. నిజమేనా?

నల్లమల_నడక
ఆ విషం కథకి ఆధారం లేదు బుజ్జీ. ఎవరు మొదలుపెట్టారో గానీ అన్ని దేశాల్లోనూ తిరుగుతోంది. మన ఇళ్ళల్లో కనబడేది ఎక్కువగా క్రాసోప్రైజా లయోని. పొట్ట వెనక పైభాగాన చిన్న మొటిమలా పొడుచుకు వచ్చి ఉంటుంది, పక్కనుంచి చూస్తే పెట్టెలా కోణాలు తేలి కనబడుతుంది. ఊగడం ఎందుకంటే, శత్రువు కంటికి తన ఆకారం చెదిరిపోవడానికి. ఆడది గుడ్లని నోటితో పట్టుకుని తిరుగుతుంది, చిన్న ద్రాక్ష గుత్తిలా ఉంటాయి. దోమల్ని బాగా తింటుంది. సిరిసిల్ల తాతగారు అన్నది అక్షరాలా నిజం.

సంక్రాంతికి మనం దులిపే బూజులో చాలా భాగం వీటి పాత గూళ్ళే. ఖాళీ చేసి వెళ్ళిపోయిన గూటికి దుమ్ము పట్టి బూజవుతుంది. కాబట్టి బూజు దులపండి, దాంతో సాలెపురుగుకేం నష్టం లేదు. ఊగేది కనబడితే ఆ మూల మాత్రం వదిలెయ్యండి.

బూజుకర్ర
ఇది ఒప్పుకుంటా. నా పేరుకి కూడా పని మిగిలింది.

గోడమీద_బల్లి
మా పాపకి ఇష్టమైనది వేరే ఉంది. కిటికీ దగ్గర ఎండపడే గోడ మీద, వేలి గోరంత. దగ్గరికి వెళ్తే పారిపోకుండా తల తిప్పి మననే చూస్తుంది. తర్వాత ఒక్క గెంతు. నలుపు మీద తెల్ల చారలు. పేరేంటి?

నల్లమల_నడక
గెంతే సాలెపురుగు. చారలున్నది ప్లెక్సిపస్ పేకుల్లిలో మగది అయ్యుంటుంది, ఆడది గోధుమ రంగులో ఉంటుంది. బూడిద రంగులో పక్కలకి ముదురు గీతలున్నది కనబడితే అది మెనెమెరస్, ఎండ గోడలంటే దానికి ఇష్టం. వీటిని గుర్తుపట్టడం అన్నిటికన్నా తేలిక: చదరంగా ఉండే ముఖం, ముందువైపు కారు హెడ్‌లైట్లలా రెండు పెద్ద కళ్ళు. మననే చూసినట్టు అనిపిస్తుంది కదా, నిజంగానే చూస్తాయి. సాలెపురుగుల్లో అంత స్పష్టంగా చూడగలిగేవి ఇవే. గెంతే ముందు వెనకాల ఒక దారం అంటించి గెంతుతాయి, గురి తప్పితే దాన్ని పట్టుకుని పైకి వస్తాయి. పాపని దగ్గర కూర్చోబెట్టి ఆ దారం చూపించండి, వెలుగు పక్కనుంచి పడితే కనబడుతుంది.

2022లో ప్రపంచ సాలెపురుగుల జాబితాలో 50,000వ జాతిగా చేరింది కూడా ఇలా గెంతేదే, దక్షిణ అమెరికాది.

తణుకు_వరిచేను
ఇంటి సంగతి సరేనండి, చేలో సంగతి కూడా చెప్తాను. మొన్న మొన్నటిదాకా నేనూ బూజుకర్ర గారి లాగే ఉండేవాణ్ణండి. వరిలో సుడిదోమ (కుట్టే దోమ కాదండి, పైరు రసం పీల్చే పురుగు) పడుతుందని భయపడి నాట్లేసిన నెలకే మందు కొట్టేవాళ్ళం. మొదట పోయేవి దోమలు కాదండి, దుబ్బుల మొదట్లో తిరిగే సాలెపురుగులు. అవి పోయాక సుడిదోమ తిరిగి లేచిందంటే చేను నిలువునా తగలబడిపోయినట్టు అయిపోయేది. వ్యవసాయ శాఖ వాళ్ళ పొలంబడిలో ఒకాయన మోకాళ్ళ మీద కూర్చోబెట్టి దుబ్బు విడదీసి చూపించాడండి. నీళ్ళ మీద కూడా పరిగెడతాయి. తోడేలు సాలీడు అంటారట. ఆడది గుడ్ల మూటని వెనక తగిలించుకుని తిరుగుతుంది, పిల్లలు బయటికొచ్చాక వీపు మీద ఎక్కించుకుంటుంది. ఇప్పుడు దుబ్బుకి దోమలెన్ని, సాలెపురుగులెన్ని అని రెండూ లెక్కపెట్టాకే మందు సంగతి ఆలోచిస్తాం.

రాత్రి తలకి టార్చి కట్టుకుని గట్టు మీద నిలబడి చూడండి, వాటి కళ్ళు చుక్కల్లా మెరుస్తాయి. మా అబ్బాయి మొదటిసారి చూసి మంచు బిందువులు అనుకున్నాడు.

డల్లాస్_నాన్న
తణుకు గారి పోస్టు చూసి మా ఊరు గుర్తొచ్చింది. ఇక్కడ మా పెరటి గడ్డిలో కూడా అవే కళ్ళు మెరుస్తాయి.

వీపు మీద పిల్లలుంటే తోడేలు సాలీడు, కడుపు కింద బిళ్ళ ఉంటే హంట్స్‌మన్, నోట్లో గుత్తి ఉంటే పొడుగు కాళ్ళది. గుడ్లు ఎక్కడ మోస్తోందో చూస్తే చాలు, సగం గుర్తుపట్టేసినట్టే కదా?

నల్లమల_నడక
చాలా బాగా చెప్పారు. ఎక్కడైనా వాడుకుంటాను, మీ పేరు చెప్పే.

మియాపూర్_అమ్మ
పట్టాను!!! చేతులు ఇంకా వణుకుతున్నాయి. రాత్రి పదింటికి మళ్ళీ గోడ మీదికి వచ్చింది. మామయ్యగారు టార్చి పట్టుకున్నారు. ఎలా పట్టాలో నల్లమల గారు మెసేజ్‌లో చెప్పారు: గ్లాసు చాలదు, కాళ్ళు నలుగుతాయి, పెద్ద ఐస్‌క్రీం డబ్బా బోర్లించి, గోడకీ డబ్బాకీ మధ్య పెళ్ళి శుభలేఖ అట్ట మెల్లగా తొయ్యమని. మా పెళ్ళి శుభలేఖే దొరికింది. డబ్బా పారదర్శకంగా ఉంది కాబట్టి ముఖం ఫొటో బాగా వచ్చింది, పెట్టాను చూడండి. కళ్ళ కింద అడ్డంగా లేత పసుపు పట్టీ ఉంది. కళ్ళు ఎనిమిది, మామయ్యగారు భూతద్దంతో రెండుసార్లు లెక్కపెట్టారు. పైన నాలుగు, కింద నాలుగు.

అంతసేపూ ఆ బిళ్ళని వదల్లేదు. డబ్బాలో తిప్పినా, అట్ట తగిలినా అలాగే పట్టుకుంది. దాన్ని చూశాక ఇంక చంపడానికి నాకు మనసు రాలేదు.

నల్లమల_నడక
హెటెరోపొడా వెనటోరియా, ఆడది. ఇంక అనుమానం లేదు. కరవడం చాలా అరుదు, చేత్తో నొక్కితే తప్ప. కరిస్తే నొప్పి, కాస్త వాపు, సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెడితే చాలు. కండ కుళ్ళడం లాంటిదేమీ ఉండదు. ఆ సంచిలో పిల్లలు వందల్లో ఉంటాయి కాబట్టి ఇంట్లో వద్దనుకోవడం సబబే. సెల్లార్‌లో మీటర్ల గది లాంటి చోట, ఎండ, వాన తగలని గోడకి వదలండి. బొద్దింకలు ఎలాగూ అక్కడే ఉంటాయి.

హిమాయత్‌నగర్_కెమెరా
ఒక చిన్న హెచ్చరిక. కళ్ళు ఆరే ఉన్నాయని కంగారు పడకండి. మన ఇళ్ళల్లో ఆరు కళ్ళది ఇంకొకటి ఉంది, స్కైటోడిస్. చిన్నది, పసుపు మీద నల్ల చుక్కలు, తల వెనక గూనిలా ఎత్తుగా ఉంటుంది, నడక చాలా నెమ్మది. ఇది పురుగు మీద జిగురు ఉమ్ముతుంది, రెండు దారాలు వంకరటింకరగా పడి పురుగు నేలకి అతుక్కుపోతుంది. నేను పుస్తకాల అల్మరాలో ఒకటి చూశాను, రెక్లూసే అనుకున్నాను. గూని చూశాక గానీ తెలియలేదు. రెక్లూస్ తల బల్లపరుపు.

ఫొటో తీసేవాళ్ళు పైనుంచి ఒకటి, ముఖం ఒకటి, వీలైతే కింది నుంచి ఒకటి తీయండి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టండి. గూడు ఉంటే గూడు కూడా. ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్సు ఉంటే కళ్ళు తెలుస్తాయి. ఐన్యాచురలిస్ట్ అనే వెబ్‌సైటులో పెడితే తెలిసినవాళ్ళు మనుషులే చూసి చెప్తారు.

గుత్తి_కుర్రోడు
మా ఊరి పేరుతో ఒక సాలెపురుగు ఉండాదని ఇక్కడ ఎంతమందికి తెల్సు? నీలం రంగుది, పెద్దది, ఒళ్ళంతా వెంట్రుకలు. పోసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే ఆయన మా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికినదాన్ని చూసి పేరు పెట్టినాడు. తర్వాత నూరేండ్లకు పైగా ఎవురికీ కనపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో దొరికింది. అంటే కట్టెల్తో పాటు రైలెక్కి మా ఊరికి వచ్చినట్టుంది. ఇండ్లలోకి వచ్చేది కాదు, పాత చెట్ల తొర్రల్లో ఉంటాది. దాన్ని పెంచుకునేదానికని విదేశాల్లో అమ్ముకుంటా ఉండారు. ఇక్కడ చూస్తే చెట్లు కొట్టేస్తా ఉండారు, అంతరించిపోయే ముప్పు అన్నిటికంటే ఎక్కువుండే జాబితాలో పెట్టినారు. నల్లమల అన్నా, నువ్వు చూసినావా?

నల్లమల_నడక
ఒక్కసారి, తొర్రలోంచి రెండు కాళ్ళు మాత్రం. టార్చి వెలుగులో నీలంగా మెరిశాయి. అది రంగు పదార్థం వల్ల వచ్చే నీలం కాదు, వెంట్రుకల లోపలి నిర్మాణం వెలుగుని అలా తిప్పి పంపుతుంది. ఎక్కడ చూశానో మాత్రం చెప్పను, తప్పుగా అనుకోకండి. పట్టుకెళ్ళేవాళ్ళు కూడా ఇలాంటివన్నీ చదువుతారు.

గుత్తి_కుర్రోడు
చెప్పొద్దులే అన్నా. అదే మంచిది.

కుప్పం_రైతుబిడ్డ
మా కంచె తుమ్మ చెట్టుకి ఎండుటాకులు, దారాలు కలిపి తలకాయంత ముద్ద ఉంది. విప్పి చూస్తే లోపల బూడిద రంగువి వందల్లో ఉన్నాయి. సాలెపురుగులు గుంపుగా ఉంటాయా? ఒకదాన్నొకటి తినెయ్యవా?

హిమాయత్‌నగర్_కెమెరా
స్టెగోడిఫస్ సరసినోరమ్. గుంపుగా బతికే కొద్ది రకాల్లో ఇదొకటి. మీ కుప్పం చుట్టుపక్కల వీటి మీద పరిశోధకులు పనిచేశారు కూడా. అన్నీ కలిసి వల పన్నుతాయి, పెద్ద మిడత పడితే కలిసి లాగి తింటాయి. పిల్లలు ఎదిగే వేళకి తల్లులు వాటికి తమ ఒంటినే తిండిగా ఇచ్చేస్తాయి. ఇంట్లోకి రావు, కంచె మీదే ఉంటాయి, వదిలెయ్యండి. విప్పిన చోట అవే మళ్ళీ నేసుకుంటాయి.

కుప్పం_రైతుబిడ్డ
విప్పకుండా ఉండాల్సింది. రేపు పోయి చూసి చెప్తా.

గోడమీద_బల్లి
సాలెపురుగుల్ని తినేది ఏంటో కూడా చెప్పనా. మా కిటికీ మూల కందిరీగ మట్టిగూడు కట్టింది. పెయింటు వేసేటప్పుడు రాలగొడితే ఒక్కో గదిలో చిన్న చిన్న సాలెపురుగులు కుక్కి ఉన్నాయి, చావలేదు, కదల్లేవు. తల్లి కుట్టి పడేసి, వాటి మీద గుడ్డు పెట్టి మూసేస్తుందట. భ్రమరకీటక న్యాయం అని మా మాస్టారు చెప్పేవారు, పురుగు తుమ్మెదనే తలుచుకుని తలుచుకుని తుమ్మెదగా మారిపోతుందని. లోపల జరిగేది ఇదన్నమాట. మాస్టారు ఉంటే ఆ గూడు తీసుకెళ్ళి చూపించేవాణ్ణి.

బూజుకర్ర
ఇవాళ అటక మీద ఒక పెద్ద సాలెపురుగు చచ్చి పడి ఉంది. కొట్టబోయాను, కదల్లేదు. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. ఇదీ మియాపూర్ గారి రకమే అనుకుంటా.

నల్లమల_నడక
బరువు లేదంటే చచ్చింది కాదు, అది విడిచిన చర్మం అయ్యుంటుంది. తలపైన మూతలా తెరుచుకుని ఉందా? పొట్ట ముడుచుకుపోయిందా?

బూజుకర్ర
మూతలా లేచి ఉంది. అంటే అసలుది ఇంకా అటక మీదే, ఇంతకన్నా పెద్దదై.

నల్లమల_నడక
అవును. అటక మీద బొద్దింకలు ఈమధ్య తగ్గాయా?

బూజుకర్ర
తగ్గాయి. మా ఆవిడ కొత్త మందు బాగా పనిచేస్తోందని మెచ్చుకుంటోంది. చర్మం అగ్గిపెట్టెలో దాచాను, మా తమ్ముడికి చూపిస్తా. పాదం సంగతి కూడా అడిగాను డాక్టరుగారూ, పురుగుని ఎవరూ చూడలేదట. అప్పుడు షుగర్ పరీక్ష కూడా చేయించలేదట, ఈ వారం చేయిస్తున్నాం.

చర్మం_డాక్టరు
తప్పకుండా చేయించండి. ఫలితం వచ్చాక ఇక్కడే రాయండి.

మియాపూర్_అమ్మ
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మీటర్ల గదిలో వదిలిన దాన్ని వాచ్‌మన్ రోజూ చూసేవాడు, మొదట భయపడ్డాడు గానీ తర్వాత తనే కనబడిందీ లేనిదీ చెప్పేవాడు. నిన్న పిలిచి చూపించాడు. తెల్ల బిళ్ళ ఖాళీగా నేల మీద పడి ఉంది, అంచు చిరిగి. గోడంతా ఆవగింజలంత పిల్లలు. ఇవాళ పొద్దున్నకి పదో పదిహేనో మిగిలాయి. తల్లి కనబడలేదు.

మందు కొట్టే అతను మళ్ళీ ఫోన్ చేశాడు, వద్దన్నాను. అత్తయ్య తన చెల్లెలికి ఫోన్ చేసి ఆ సర్పి సంగతి చెప్పారు.

ఇంకోటి అడగాలి. బాల్కనీలో తులసి కోటకీ గ్రిల్లుకీ మధ్య గుండ్రటి గూడు వచ్చింది. మధ్యలో ఇంటూ గుర్తులా మందంగా తెల్ల దారాలు. కాళ్ళు రెండేసి కలిపి సరిగ్గా ఆ గుర్తు మీదే పెట్టుకుని తలకిందులుగా కూర్చుంది. వీపు మీద పసుపు పట్టీలు. పగలంతా కదలదు. నీళ్ళు పోసేటప్పుడు గూడు తగులుతోంది, తీసెయ్యమంటారా?

హిమాయత్‌నగర్_కెమెరా
తీయకండి, ఆర్జియోప్. సంతకం సాలీడు అంటాం, ఆ ఇంటూ గుర్తే దాని సంతకం. కొన్ని రకాలు రాత్రి గూడు కట్టి తెల్లారేసరికి తినేస్తాయి, ఇది పగలు కూడా కూర్చునే ఉంటుంది. నీళ్ళు ఇటువైపు నుంచి పోయండి. ఏ రకమో చెప్పాలంటే కింది వైపు కూడా చూడాలి, గ్రిల్లు అవతల నుంచి ఒక ఫొటో తీసి పెట్టండి.